వేసవి సెలవుల్లో పెరట్లోని పక్షులను, పురుగులను పిల్లలకు ఎలా చూపించాలి?

మీ ప్రశ్న చదివాను. శ్రీకాకుళంలో అద్దె ఇల్లు, వెనక చిన్న పెరడు, ఐదో తరగతి పూర్తయిన అమ్మాయి. ఎంత చూసినా కాకులు, గోరువంకలు తప్ప ఏమీ కనిపించడం లేదు, బైనాక్యులర్ కొంటే ఉపయోగం ఉంటుందా, ఏ వేళలో చూడాలి అని అడిగారు.

బైనాక్యులర్ ఇప్పుడే కొనకండి. చిన్న పెరట్లో పిట్ట పది అడుగుల దూరంలోనే వాలుతుంది. చవక బైనాక్యులర్లలో అంత దగ్గరి వస్తువు మసకగా కనిపిస్తుంది. ఆ డబ్బులో పదో వంతు పెట్టి మంచి భూతద్దం ఒకటి కొని అమ్మాయి చేతికివ్వండి. ఇంకొకటి, కూర్చోవడానికి ఒక స్టూలు. నిజానికి స్టూలే ముఖ్యం.

ఎందుకంటే చెబుతాను. మాది విజయనగరం. నేను ఇంటి దగ్గర బట్టలు కుడతాను. మిషను వెనక వరండాలో, గ్రిల్లు పక్కన ఉంటుంది. పదిహేనేళ్ళుగా అదే చోటు. పెరడంటే పది అడుగుల వెడల్పు, ముప్పై అడుగుల పొడవు. ఒక నిమ్మ, ఒక కరివేపాకు, మందారాలు, ఎవరూ నాటకుండా తానే మొలిచిన బాదం మొక్క, బట్టలు ఆరేసే తీగ. నేను పిట్టలను చూడాలని కూర్చోలేదు, జాకెట్లు కుట్టాలని కూర్చున్నాను. అదే కలిసొచ్చింది. మొదట్లో నన్ను చూసి ఎగిరిపోయినవి కొన్నాళ్ళకు మిషను చప్పుడుకు అలవాటు పడ్డాయి. ఇప్పుడు మిషను ఆగితేనే బెదురుతాయి, నేను లేస్తున్నానని తెలిసిపోతుంది వాటికి.

కాబట్టి పిట్టల కోసం పెరడంతా తిరగకండి. ఒక మూల ఎంచుకుని, రోజూ ఒకే వేళకు, వీలైతే ఒకే రంగు బట్టల్లో కూర్చోండి. మొదటి నాలుగు రోజులు ఏమీ జరగదు. అమ్మాయి విసుగెత్తిపోతుంది. ఐదో రోజు దాకా లాక్కురండి చాలు.

వేళ గురించి అడిగారు. మే నెలలో మన వైపు ఐదుంబావుకల్లా తెల్లవారిపోతుంది, హైదరాబాదు కంటే దాదాపు 20 నిమిషాలు ముందు. అందుకని అక్కడివాళ్ళు చెప్పే ‘ఆరు నుంచి ఎనిమిది’ లెక్క మనకు సరిపోదు. ఐదున్నరకు కూర్చుంటే ఏడున్నరకు పని అయిపోతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగున్నర తర్వాతే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో మిట్టమధ్యాహ్నం పిట్టలు నీడ పట్టున నోరు తెరుచుకుని కూర్చుంటాయి. వాటికి చెమట పట్టదు. నోరు తెరిచి, గొంతు గబగబా ఆడిస్తూ ఒంట్లో వేడిని బయటికి పంపుకుంటాయి. కాకి నోరు తెరిస్తే దాహం వేస్తోందని మా అత్తగారు నీళ్ళు పెట్టేవారు. కారణం పూర్తిగా అది కాకపోయినా, పని మాత్రం సరైనదే.

ఆ నీళ్ళ దగ్గరే నేను ఒక తప్పు చేశాను. మొదటి ఏడాది లోతైన ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్ళు పోసి పెట్టాను. రెండో రోజుకే పదీ పదిహేను తేనెటీగలు అందులో పడి తేలాయి. వేసవిలో తేనెటీగలు తాగడానికే కాదు, తుట్టెను చల్లబరచడానికి కూడా నీళ్ళు మోసుకెళ్తాయి. వాటికి కాలు ఆనడానికి చోటుండాలి. అప్పటి నుంచి మట్టి మూకుడే పెడుతున్నాను. లోతు రెండు అంగుళాలు దాటకూడదు, మధ్యలో నీటికి పైకి తేలేలా నాలుగు గులకరాళ్ళు. పిల్లి పొంచి ఉండే పొదల పక్కన కాకుండా గోడ మీద, నీడలో పెట్టండి. రోజూ పారబోసి, రుద్ది, కొత్త నీళ్ళు పోయండి. వారం వదిలేస్తే పిట్టల సంగతేమోగాని దోమలు తయారవుతాయి.

ఇక నేను దగ్గరగా చూసినవాటిలో అన్నింటికంటే గొప్పది నా వృత్తికి సంబంధించినదే. మూడేళ్ళ క్రితం మే నెలాఖరు, పెళ్ళిళ్ళ బట్టల ఒత్తిడిలో ఉన్నాను. ఆకుపచ్చ వీపు, తుప్పు రంగు నెత్తి, నిక్కబొడిచిన తోక ఉన్న వేలెడంత పిట్ట వరండా మెట్టు మీదికి వచ్చి, నేను కత్తిరించి పడేసిన లైనింగు గుడ్డ అంచు నుంచి నూలు పోగు పీక్కుని పోతోంది. దర్జీ పిట్ట. గొంతు మాత్రం ఒంటికి నాలుగింతలు, పక్కింటి దాకా వినిపిస్తుంది. బాదం మొక్కకు నడుమెత్తున ఉన్న రెండు ఆకులను దగ్గరికి లాగి సంచిలా చేస్తోంది. నేను సూది వదిలేసి చూస్తూ కూర్చున్నాను.

అది మనలా వరస కుట్టు వేయదు. ముక్కుతో ఆకు అంచున చిన్న రంధ్రం పొడుస్తుంది. అందులోంచి పోగును అవతలికి లాగుతుంది. అవతలికి వచ్చిన కొస పురి విడిపోయి దూది బొడిపెలా ఉబ్బుతుంది, ఇక వెనక్కి జారదు. మరో రంధ్రానికి మరో పోగు. దారం ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి సాగడమన్నదే అరుదు. నా లెక్కలో దాన్ని కుట్టడం అనకూడదు, గుండీలు పెట్టడం అనాలి. నూలు చాలకపోతే సాలెగూడు తెచ్చి వాడింది. గూడు ఖాళీ అయ్యాక లెక్కపెడితే ఒక ఆకు అంచున పద్దెనిమిది బొడిపెలు ఉన్నాయి. దారం కొనలేదు, సూది లేదు, పండుగ గడువు లేదు. కొంచెం అసూయ కలిగిందని ఒప్పుకుంటాను.

తేదీలు నా కొలతల పుస్తకంలోనే రాశాను. ‘ఛాతీ 36, నడుము 30’ కింద ‘మే 27, గూట్లోకి దూది’ అని ఉంటుంది. జూన్ 30న గూడు ఖాళీ. రోహిణి కార్తెలో మొదలై ఆరుద్ర కార్తెలో ముగిసింది. మధ్యలో గుడ్లెన్నో నేను చూడలేదు. చూడాలంటే ఆకు వంచాలి, వంచితే కాకికి దారి చూపించినట్టే. ఈ ఒక్క విషయంలో అమ్మాయితో గట్టిగా చెప్పండి. ఇంకో మాట, పొడవైన దారాలు పెరట్లో పడేయకండి. గూట్లో పిల్లల కాళ్ళకు చుట్టుకుంటాయి. నేను ఇప్పుడు నైలాను, పాలిస్టర్ ముక్కలన్నీ డబ్బాలో వేస్తున్నాను.

భూతద్దం ఎందుకన్నానంటే, మీకు నిమ్మ గానీ కరివేపాకు గానీ ఒక్క కుండీ ఉంటే చాలు. లేత ఆకుల మీద పిట్ట రెట్ట లాంటిది కనిపిస్తే తుడిచేయకండి. అది నడుస్తుంది. నిమ్మజాతి ఆకులు తినే సీతాకోకచిలుక గొంగళి చిన్నప్పుడు అలా రెట్టలా ఉండి, పెరిగాక ఆకుపచ్చగా మారిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు రెండు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. మా తోడికోడలి కొడుకు ఒక వేసవి అంతా దాని వెంటే పడ్డాడు. కరివేపాకు నాలుగు రెబ్బలు పోతాయి, పోనివ్వండి. ఎండాకాలంలో గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా నెల, నెలన్నరలో అంతా అయిపోతుంది, సెలవులకు సరిగ్గా సరిపోయే పాఠం. మందు మాత్రం కొట్టకండి. అదే కరివేపాకు పళ్ళు నల్లబడ్డాక కోయిలలు, పిగిలిపిట్టలు వాటంతట అవే వస్తాయి.

గోడల మీద, కిటికీ మూలల్లో బఠాణీకి రెండింతలున్న మట్టి కుండలు కనిపిస్తే వాటినీ రాల్చవద్దు. సన్నని నడుము ఉన్న కందిరీగ కట్టినవి అవి. మా అత్తగారు వాటిని చూపించి భ్రమరకీటక న్యాయం చెప్పేవారు. “తుమ్మెద పురుగును తెచ్చి మట్టిలో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుందమ్మా. వినగా వినగా పురుగు కూడా తుమ్మెద అయిపోతుంది.” ఒకసారి సున్నం వేసేవాడి చేతిలో ఒక కుండ పగిలింది. లోపల ఆరు పచ్చని పురుగులు, బతికే ఉన్నాయి, కదలలేవు. పైకప్పు నుంచి సన్నని పోగుకు వేలాడుతూ ఒక గుడ్డు. పురుగు తుమ్మెద కాదు. కందిరీగ కుట్టి చచ్చుబడేసి తెచ్చిన పురుగులను ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల తిని పెరుగుతుంది. “చూశారా అత్తయ్యా” అన్నాను. ఆవిడ కాసేపు చూసి, “ఎలాగైనా లోపలికి పురుగే వెళ్ళింది, బయటికి తుమ్మెదే వచ్చింది కదమ్మా” అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఎండిన కొమ్మ ఉంటే కొట్టించకండి. 2014లో హుద్‌హుద్ తుపానుకు మా మునగ చెట్టు సగానికి విరిగి మోడుగా మిగిలింది. తీయించేద్దామని మావారు రోజూ అనేవారు, నేను వాయిదా వేస్తూ వచ్చాను. మూడో వేసవిలో కంసాలి పిట్ట దాన్ని తొలిచి గూడు పెట్టింది. ‘టుక్ టుక్ టుక్’ అని ఎండ ముదిరే కొద్దీ వినిపించేది అదే. పిచ్చుక కంటే కాస్త పెద్దది, నుదుటి మీద ఎర్రని బొట్టు. అరిచేటప్పుడు ముక్కు మూసే ఉంటుంది, గొంతు మాత్రమే ఉబ్బుతుంది. అందుకే చప్పుడు ఎటు నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. తర్వాతి వానలకు ఆ మోడు కూలిపోయింది. మావారు ఇప్పుడు ఆ చప్పుడు వినిపిస్తే నా కంటే ముందు తల ఎత్తుతారు.

జాగ్రత్తలు మూడు. వేసవిలో తడి ఉన్నచోటికి పాములు వస్తాయి. కుండీల సందుల్లో చేయి పెట్టేముందు కర్రతో తట్టమనండి. పక్క చెట్టు మీద కాకి గూడు ఉంటే ఆ రోజుల్లో కిందికి వెళ్తే నెత్తి మీద పొడుస్తుంది, గొడుగు వేసుకోండి. ఎగరడం నేర్చుకుంటూ కింద పడిన పిల్ల కనిపిస్తే ఇంట్లోకి తేకండి. దగ్గరి కొమ్మ మీద, నీడలో పెట్టి మీరు పక్కకు తప్పుకుంటే తల్లి వచ్చి మేపుతుంది.

వలస పక్షులు గూళ్ళు పెట్టే తేలినీలాపురం తీసుకెళ్ళాలని కూడా ఉందని రాశారు. ఇప్పుడు వద్దు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చలికాలంలో అక్కడ పిల్లలను పెంచుకుని వేసవి ముదిరేలోపే వెళ్ళిపోతాయి, ఖాళీ చెట్లు చూసి రావాలి. తొలకరి పడ్డాక ఇచ్ఛాపురం వైపు తేలుకుంచికి వెళ్ళండి. నత్తగుల్ల కొంగలు వానలతో పాటు అక్కడికి చేరతాయి, ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు. సైబీరియా నుంచి వస్తాయని అక్కడ ఎవరైనా చెబితే అమ్మాయిని నమ్మనివ్వకండి, అవి మన దక్షిణాసియా పక్షులే. తొలి వానలకు బడులు తెరిచేసినా, ఆదివారాలు ఉంటాయి. ఆరుద్ర పురుగులు కూడా అప్పుడే నేల మీదికి వస్తాయి. భూతద్దం వెంట తీసుకెళ్ళండి, కాళ్ళెన్నో అమ్మాయినే లెక్కపెట్టమనండి. ఎనిమిది రావాలి.