ఇటలీలో పల్లెటూరి ఇల్లు తీసుకుంటున్న మేనకోడలికి

అమ్మడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు లింకులూ కూర్చుని చూశాను. అన్నయ్య షష్టిపూర్తి పేరు చెప్పి పదహారు మందిమీ ఒకే కప్పు కింద వారం రోజులు ఉండాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. ఇళ్లు కూడా ఫోటోల్లో అదిరిపోయాయి. కాకపోతే నాలుగింటిలో ఒక్కదానికీ నువ్వు ప్లాను అడిగినట్టు లేదు. ముందు అది తెప్పించు. ఓనరు చేత్తో గీసి ఫోటో తీసి పంపినా చాలు. ఏ అంతస్తులో ఏ గది, ఏ గదికి ఏ బాత్రూం, ఏ గదిలోకి ఎటునుంచి వెళ్లాలి, ఇవి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎందుకు ఇంత పట్టుబడుతున్నానంటే, అవి సెలవులకు వచ్చేవాళ్ల కోసం కట్టిన ఇళ్లు కావు. టస్కనీలో, ఉంబ్రియాలో ఇప్పుడు కజాలే అనీ పోదెరే అనీ అద్దెకిస్తున్నవి ఒకప్పటి రైతుల ఇళ్లు. భూస్వామి పొలమూ ఇల్లూ ఇచ్చేవాడు, రైతు కుటుంబం అక్కడే ఉండి సాగు చేసి పంటలో సగం అతనికి కొలిచేది. ఆ పద్ధతిని మెజ్జాద్రియా అంటారు. 1964లో కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని చట్టం వచ్చింది. అప్పటికే జనం ఫ్యాక్టరీ పనులకి పట్నాలు పట్టారు. ఇళ్లు పాడుబడ్డాయి. తర్వాత తర్వాత పట్నంవాళ్లు, విదేశీయులు కొనుక్కుని బాగుచేయించారు. కింద ఎద్దుల కొట్టం, పైన మనుషులు, పైనే పెద్ద పొయ్యి ఉన్న వంటిల్లు, దాన్ని ఆనుకుని గదులు, ఇదీ పాత అమరిక. మధ్యలో నడవాలంటూ పెద్దగా ఉండవు. అందుకని ఇప్పటికీ ఒక బెడ్‌రూంలోంచి నడిస్తే గానీ ఇంకో బెడ్‌రూం రాని ఇళ్లు ఉన్నాయి. లిస్టింగులో మాత్రం ‘ఎనిమిది బెడ్‌రూములు’ అనే రాస్తారు. రాత్రి రెండింటికి మీ మామయ్య బాత్రూంకి వెళ్లాలంటే మీ తమ్ముడూ, వాడి కొత్త పెళ్లాం పడుకున్న గదిలోంచి వెళ్లాలనుకో, ఆ వారం ఎలా గడుస్తుందో నువ్వే ఊహించుకో.

ఇల్లు ఎంచేటప్పుడు మొదట నానమ్మని దృష్టిలో పెట్టుకో. ఆవిడ మెట్లెక్కలేదు. పాత ఎద్దుల కొట్టాలు ఇప్పుడు చాలావరకు హాలుగానో వంటిల్లుగానో మారిపోయాయి, పడక గదులన్నీ పైనే. కింద ఒక గదీ, దాని పక్కనే బాత్రూమూ ఉన్న ఇల్లే చూడు. బాత్రూంలో షవరు ఉందా, టబ్బు ఉందా అనేది కూడా అడుగు. టబ్బు గోడ దాటి లోపలికి దిగడం ఆవిడ వల్ల కాదు. కొన్నిచోట్ల కింది గది అసలు ఇంట్లో ఉండదు, ముంగిలి దాటాక విడిగా ఉన్న పాత గడ్డి కొట్టంలోనో కోళ్లగూడులోనో ఉంటుంది, దాన్ని దెపాండాన్స్ అంటారు. అది పిల్లలు పెద్దవాళ్లైన కుటుంబానికి బ్రహ్మాండం. నానమ్మకి కుదరదు.

పదహారు మందికి నాలుగు బాత్రూములకి తగ్గితే ఒప్పుకోకు. ఇంకోటి, పదహారు పడకలని రాస్తే అందులో హాల్లో సోఫా కం బెడ్డు ఎన్నో విడిగా అడుగు. మనవాళ్లకి ‘ఇంకో ఇద్దరం వస్తాం, కింద పడుకుని సర్దుకుంటాం’ అనే అలవాటుంది కదా, అక్కడ అది నడవదు. దిగిన 24 గంటల్లో ప్రతి మనిషి పాస్‌పోర్టు వివరాలూ ఓనరు పోలీసుల సైటులో ఎక్కించాలి, చంటిపిల్లలవి కూడా. లైసెన్సులో ఎంతమందని ఉందో అంతే. దానితోపాటు తలకింత, రాత్రికింత అని ఊరి పన్ను ఉంటుంది. ఏ వయసులోపు పిల్లలకి మినహాయింపో ఆ మునిసిపాలిటీ నిర్ణయిస్తుంది. అద్దెలో అది కలిసి ఉండదు, అక్కడే కట్టాలి.

వీటికి మూడు లెక్కలు కలుపుకో. చివరి రోజు క్లీనింగు, దుప్పట్లూ తువ్వాళ్లూ, డిపాజిట్టు. చలిరోజులైతే హీటింగు మీటరు చూసి వేస్తారు, పల్లెల్లో గ్యాస్ ట్యాంకు మీద నడిచేది కాబట్టి బిల్లు గూబ గుయ్యిమంటుంది.

ఎప్పుడు వెళ్లాలన్నదానికి నా మాట విను. ముహూర్తాన్ని, సెలవుని ఒకదానికొకటి ముడిపెట్టకు. మీ నాన్న జన్మనక్షత్రం ఆ ఇళ్ల అద్దె లెక్క చూసుకుని రాదు, అక్కడ సీజన్లో శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆయుష్యహోమం, కలశస్నానం హైదరాబాద్‌లో తిథి ప్రకారం చేయించండి. ఇటలీలో దండలు మార్చుకోవడం, మంచి భోజనం, ఫోటోలు, అంతవరకే పెట్టుకోండి. ఎండాకాలంలో టస్కనీలో అడవులు అంటుకుంటాయన్న భయంతో ఆరుబయట నిప్పు రాజేయడం మీద ఆంక్షలుంటాయి. పురోహితుడు వీడియో కాల్లో మంత్రాలు చెప్తాడు, మనం లాన్‌లో హోమగుండం పెడదాం అని మీ బాబాయి అప్పుడే మొదలుపెట్టాడని విన్నాను. ఆయనకి నువ్వే చెప్పు.

మూడు దేశాల స్కూళ్ల సెలవులూ కలిసేది మే నెలాఖరు వారం ఒక్కటే. మాకిక్కడ ఇంగ్లండులో హాఫ్ టర్మ్ అప్పుడే. డాలస్‌లో మీ స్కూళ్లు ఆ పాటికి మూసేస్తారు. హైదరాబాద్ పిల్లలకి జూన్ రెండో వారం దాకా సెలవులే. జూలై, ఆగస్టులంత రేటూ ఉండదు, మండే ఎండా ఉండదు. జూన్ 2 వాళ్ల రిపబ్లిక్ డే, దానికి అటూ ఇటూ ఊళ్లు కిటకిటలాడతాయి, అది గుర్తుంచుకుంటే చాలు. స్విమ్మింగ్ పూల్ నీళ్లు అప్పటికింకా చల్లగానే ఉంటాయి. పిల్లలు దాన్ని లెక్కచేయరు. చాలా ఇళ్లలో పూల్ చుట్టూ కంచె ఉండదు, ఆ సంగతి మాత్రం ముందే కనుక్కో.

ఊరి విషయానికొస్తే, నీ లింకుల్లో ఒకటి వాల్ దోర్చా కొండల మధ్య ఉంది. యునెస్కో 2004లో గుర్తించిన లోయ, అందానికి వంక పెట్టేది లేదు. కానీ అక్కడ పాల ప్యాకెట్టుకి కూడా కారు తీయాలి. నన్నడిగితే కొర్తోనా, త్రసిమేనో చెరువు చుట్టుపక్కల చూడు. ఫ్లోరెన్స్ - రోమ్ రైలు మార్గం అక్కడే, తెరొంతోలాలో స్టేషనుంది. అక్కడినుంచే పెరూజా మీదుగా అస్సీసీకి కూడా రైలు దొరుకుతుంది. డ్రైవింగ్ ఓపిక లేని రోజున సగం మంది రైలెక్కి వెళ్లిరావచ్చు.

కార్ల దగ్గర రెండు సంగతులు. మామూలు కారు లైసెన్సుతో డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల వ్యాను దాకా నడపొచ్చు, అయితే తొమ్మిది మంది కూర్చున్నాక మన పెట్టెలకి చోటుండదు. కాబట్టి పదహారు మందికి రెండు వ్యాన్లంటే చాలదు, ఇంకో చిన్న కారు తీసుకోండి. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చెయ్యి, అక్కడ ఎక్కువగా గేర్లవే. ఇండియా లైసెన్సు ఉన్నవాళ్లు ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని రావాలి, మీరు అమెరికాలో ట్రిపుల్ ఏ అనే కార్లవాళ్ల సంఘం దగ్గర. బ్రిటన్ లైసెన్సుకి అక్కర్లేదు కాబట్టి పెద్ద వ్యాను మీ మామయ్యకి అప్పగించు. రెండోది జెడ్‌టీఎల్. ఫ్లోరెన్స్, సియెనాలాంటి పాత ఊళ్ల నడిబొడ్డున పర్మిట్ లేని కార్లు వెళ్లకూడదు. గేటూ ఉండదు, ఆపేవాడూ ఉండడు, కెమెరా నంబరు పట్టేస్తుంది. అందరూ ఇళ్లకి చేరి ఆ ట్రిప్పే మర్చిపోయిన నెలలకి జరిమానా కాగితం వస్తుంది, మధ్యలో కారు అద్దె కంపెనీ ఫీజు వేరే. జీపీఎస్‌ని నమ్మకుండా ఊరి బయట పార్కింగులో పెట్టి నడవండి.

ఇప్పుడు వంటిల్లు. మనవాళ్లు ఎక్కువ గొడవపడేదీ, ఎక్కువ ఆనందపడేదీ అక్కడే. ఓనరుకి రాయాల్సిన మొదటి ప్రశ్న, మీటరు ఎన్ని కిలోవాట్లు అని. ఇటలీలో మామూలు ఇంటి కనెక్షన్ 3 కిలోవాట్లే. పెద్ద ఇళ్లకి 6 గానీ ఇంకా ఎక్కువ గానీ పెట్టించుకుంటారు, కానీ అందరూ పెట్టించరు. మా ఇంగ్లండు కెటిల్ ఒక్కటే 3 కిలోవాట్లు లాగుతుంది! ఒవెనూ, వాషింగ్ మెషీనూ తిరుగుతుండగా పైన ఎవరో జుట్టు ఆరబెట్టుకోవడం మొదలుపెట్టారంటే టప్పున అన్నీ ఆరిపోతాయి. ఆ మీటరు పెట్టె చాలాచోట్ల ఇంట్లో కాదు, మట్టిరోడ్డు చివర గేటు దగ్గర ఉంటుంది. దిగిన రోజే అదెక్కడుందో ఇద్దరు మగపిల్లలకి చూపించమని అడుగు.

రెండోది, స్టవ్వు గ్యాసా ఇండక్షనా. వదిన హైదరాబాద్ నుంచి పెద్ద అల్యూమినియం కుక్కరు మోసుకొస్తానంటోంది. ఇండక్షనైతే అది వేడెక్కదు. నువ్వు నీ ఇన్‌స్టంట్ పాట్ తేకు, అమెరికా 120 వోల్టులది ఇక్కడి 230లో మాడిపోతుంది. ఇండియా మిక్సీకి ఆ ఇబ్బంది లేదు, పిన్ను మార్చే అడాప్టరు చాలు. అన్నానికి కుక్కరు అక్కర్లేదు. పాస్తా ఉడికించే పెద్ద గిన్నెలు ప్రతి ఇంట్లో ఉంటాయి, హాయిగా గంజి వార్చుకోవచ్చు. గుంటగా ఉండే మూకుడు మాత్రం దొరకదు, ఒకటి తెచ్చుకోండి.

సరుకులన్నీ మోయాల్సిన పని లేదు. శనగపిండి వాళ్లే వాడతారు, ‘ఫరీనా ది చేచి’ అని అడిగితే సూపర్ మార్కెట్లో ఇస్తారు, బజ్జీలకి ఢోకా లేదు. ‘సెమొలీనో’ అంటే మన ఉప్మా రవ్వే. టమాటా, వంకాయ, వెల్లుల్లి సంగతి చెప్పక్కర్లేదు. అక్కడి బియ్యం ఎక్కువగా రిసోత్తోకి వాడే పొట్టి గింజలు, ముద్దవుతాయి, దద్ధోజనానికి నాకైతే అవే ఇష్టం. మామూలు అన్నానికి బాస్మతి కొనండి. కందిపప్పు, చింతపండు, ఇంగువ, మిరపకాయలు రోమ్‌లో దిగినవాళ్లు తేవాలి, తెర్మీని స్టేషనుకి దగ్గర్లో పియాజ్జా విత్తోరియో బజారులో అన్నీ దొరుకుతాయి. ఇండియా నుంచి ఆవకాయ, గోంగూర పచ్చడి, పొడులు తెచ్చుకోవచ్చు. చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. యూరప్‌లోకి బయటి దేశాల మాంసం, పాల పదార్థాలు తేకూడదు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. నెయ్యి వెన్న కాచి నేను చేస్తాను.

రోజూ వంట పెట్టుకోకండి, వదినకి సెలవు లేకుండా పోతుంది. రెండు సాయంత్రాలకి స్థానికంగా వంటమనిషిని ఓనరే కుదురుస్తాడు. గుడ్డు కూడా తినని వాళ్లున్నారని ముందే చెప్పు. తాజా పాస్తాలో చాలావాటికి గుడ్డు పడుతుంది, సియెనా వైపు చేసే పిచి అనే లావుపాటి సేమ్యాలాంటిది పిండీ నీళ్లతోనే చేస్తారు, అది అడుగు. పార్మిజాన్ జున్ను విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో. వదినకి ఆ సంగతి ఎవరో ఒకరు చివరి రోజున చెప్పే బదులు నువ్వే ఇప్పుడే చెప్పెయ్యి, వేసుకోవాలో వద్దో ఆవిడే తేల్చుకుంటుంది.

ఇంకో మాట, పసుపు. ఆ ఇళ్లలో నేలకి ఎర్రమట్టి పలకలుంటాయి, పులిహోర నూనె పడితే పీల్చేసుకుంటాయి. దుప్పట్లూ తువ్వాళ్లూ మల్లెపూల్లా తెల్లగా ఉంటాయి. పారాణి పెట్టుకున్న కాళ్లు ఆ తువ్వాళ్లకి తుడిచారంటే డిపాజిట్టు సంగతి మర్చిపోవాల్సిందే. ఇంటి నుంచి నాలుగు పాత తువ్వాళ్లు, ఒక ప్లాస్టిక్ షీటూ తెమ్మని అందరికీ చెప్పు.

డబ్బు కట్టే ముందు ప్రకటనలో సీఐఎన్ అనే నంబరు ఉందో లేదో చూడు. 2025 నుంచి ఇలా అద్దెకిచ్చే ప్రతి ఇంటికీ అది తప్పనిసరి, ఐటీ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఒకసారి వీడియో కాల్లో ఇల్లంతా తిప్పి చూపించమను. ఒప్పందంలో ఉన్న పేరూ, బ్యాంకు ఖాతా పేరూ ఒకటి కాకపోతే పైసా పంపకు. అద్దె పంపకం తలల లెక్కన వేయకు, గదుల లెక్కన వెయ్యి. సొంత బాత్రూం ఉన్న గది తీసుకున్నవాళ్లు ఎక్కువ ఇవ్వాలి. అన్నయ్య, వదిన, నానమ్మల వాటా మనందరం పంచుకుందాం. ఏ గది ఎవరికో వెళ్లాక కాదు, ప్లాను చేతికొచ్చిన రోజే పేర్లు రాసి గ్రూపులో పెట్టెయ్యి. అలిగేవాళ్లు ఇప్పుడే అలుగుతారు.

వీసాల సంగతి ఆలస్యం చేయకు. గ్రీన్ కార్డున్నా మీ పాస్‌పోర్టులు ఇండియావే కాబట్టి మీకూ షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచి అప్లై చేయొచ్చు. పెద్దలకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45, అంతకంటే చిన్నవాళ్లకి ఫీజు లేదు. కనీసం 30 వేల యూరోల ఇన్సూరెన్సు తప్పనిసరి. ఇంటి ఒప్పందంలో పదహారు మంది పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే రాయించు, నీ ఒక్కదాని పేరుంటే హైదరాబాద్‌వాళ్లు ఎక్కడ దిగుతున్నారో చూపించుకోవడం కష్టం. వీసా రాకపోతే అడ్వాన్సు వెనక్కిస్తారా లేదా అన్నది కూడా అందులోనే రాయించు.

ముందు ఆ నాలుగో లింకు ఇంటివాళ్లకి రాయి, మెట్ల దగ్గర రెయిలింగు ఉన్నది అదొక్కటే. ప్లాను రాగానే నాకు పంపు, ఆదివారం మీ మామయ్య, నేనూ కూర్చుని చూస్తాం.

ఆశీస్సులతో,
అత్తయ్య