మేలో ల్యాబ్‌లో ఉండాలంటే నవంబర్లోనే అప్లై చెయ్యాలి

ప్రశ్న: మేడమ్ గారూ నమస్కారం. మాది కంచిలి దగ్గర పల్లెటూరు, గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ జువాలజీ సెకండియర్. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు, అమ్మ జీడి ఫ్యాక్టరీకి వెళ్తాది, మావయ్యకి కిడ్నీలు పాడైపోయి డయాలసిస్ మీద ఉన్నాడు. అమెరికాలో వెనకబడిన వర్గాల పిల్లలకి సమ్మర్‌లో డబ్బులిచ్చి మరీ రీసెర్చ్ నేర్పుతారంట కదా, మనం అప్లై చెయ్యొచ్చా? ఇక్కడెవరో నాలుగు వేలు కడితే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, కట్టమంటారా? అమ్మేమో సీసాలు కడగడానికి అంత దూరం ఎందుకే అంటోంది.

జవాబు: ముందు ఆ నాలుగు వేలు కట్టకమ్మా. మంచి ఫెలోషిప్‌లైతే వాళ్ళే నీకు డబ్బిస్తారు గానీ నీ దగ్గర తీసుకోరు, అసలు ల్యాబ్ మొహం చూడకుండా వచ్చే కాగితం రేపు ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతాది.

అమెరికా సంగతి నిజమే. అక్కడ బ్లాక్, హిస్పానిక్, నేటివ్ అమెరికన్ పిల్లలు, వైకల్యం ఉన్నవాళ్ళు, నీలాగా ఇంట్లో మొదటిసారి కాలేజీకొచ్చినవాళ్ళు బయోమెడికల్ సైన్సులో తక్కువ కనిపిస్తారని, అలాంటివాళ్ళ కోసం 8 నుంచి 10 వారాల సమ్మర్ ట్రైనింగులు పెట్టారు, స్టైపెండ్ ఇచ్చేవారు, చాలాచోట్ల ఉండటానికి రూమ్ కూడా, చివర్లో చేసిన పని పోస్టర్ వేసి చూపించాలి. కానీ ప్రభుత్వం డబ్బుతో నడిచినవి దాదాపు అన్నీ అక్కడి పౌరులకి, గ్రీన్‌కార్డున్నవాళ్ళకి మాత్రమే, వాటిలో చాలావాటికి 2025లో ఆ డబ్బు కూడా ఆపేశారు. దాని మీద ఆశ పెట్టుకోకు.

మన దగ్గర ఉన్నదాని మాట చెప్తాను, ఇది మన శ్రీకాకుళం జిల్లా పిల్లలకి ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన మాస్టార్లు కూడా నోటీసు బోర్డుకి అంటించి ఊరుకుంటారు. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగరాజ్‌లలో ఉన్న మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, మూడింటికీ ఒకటే అప్లికేషన్. రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని, స్టైపెండ్, రానుపోను ఖర్చు. అప్లికేషన్లు మామూలుగా ముందటేడు చలికాలం మొదట్లో, నవంబర్ దాకా తీసుకుంటారు. పరీక్షలయ్యాక ఏప్రిల్లో వెతికితే ఏముంటాది, అందుకే మనవాళ్ళు ఎప్పుడూ దొరకలేదంటారు. మార్కుల రూల్ ఒకటుంటాది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూసుకో.

అందులో మార్కుల కన్నా తేడా చూపించేవి రెండు. ఒకటి నువ్వేం చెయ్యాలనుకుంటున్నావో రాసే పేజీ, రెండోది మాస్టారి లెటర్. పేజీలో అందరూ చిన్నప్పట్నుంచీ సైన్సంటే ఇష్టం అనే రాస్తారు, చదివేవాళ్ళకి అది విసుగు. నీ దగ్గర దానికన్నా గట్టి విషయం ఉంది కదమ్మా! మీ ఉద్దానం ప్రాంతంలో షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు పోతున్నాయి, నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని, నొప్పి బిళ్ళలు అన్నారు, ఇదీ కారణమని ఇంతవరకూ తేలలేదు. రక్త పరీక్షలో చూసే క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగేసరికే కిడ్నీ చాలావరకు దెబ్బతిని ఉంటాది, అంతకంటే ముందే పట్టుకునే గుర్తు యూరిన్లో ఏమన్నా ఉంటాదా అని అడుగు. మావయ్య బాధ రెండు లైన్లు చాలు, మిగతాదంతా ప్రశ్న రాయి.

లెటర్ కోసం చివరి రోజు సాయంత్రం స్టాఫ్‌రూమ్ బయట నిలబడకు. ఆగస్టు నుంచే ఒక మాస్టారిని పట్టుకో, ప్రాక్టికల్స్‌లో నువ్వేం చేశావో ఆయన గుర్తుపెట్టుకుని రాయగలగాలి, మంచి అమ్మాయి క్రమశిక్షణ కలది అని రాస్తే లాభం లేదు.

ఇది కాక హైదరాబాద్‌లో హబ్సిగూడ దగ్గర జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఇటు తిరుపతిలో సైన్సు చదువులూ పరిశోధనా జరిగే కేంద్ర సంస్థ ఐసర్, వీటి వెబ్‌సైట్లు జనవరి నుంచీ చూస్తూ ఉండు. మన రాష్ట్రంలో డిగ్రీవాళ్ళకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి కదా, ముందే ప్రిన్సిపాల్ గారికి లెటర్ పెట్టుకుని ఇదే దానికింద లెక్కేస్తారేమో అడుగు.

అమ్మకి ఏం చెప్పాలంటే, సీసాలు కడగడం నిజమే, మొదటి వారం పిప్పెట్‌తో, అంటే చుక్కలు కొలిచే గొట్టంతో, ఉత్త నీళ్ళు కొలిపిస్తారు, నోట్‌బుక్‌లో తేదీ వేసి రాయడం నేర్పుతారు, తర్వాతే చిన్న పని ఒకటి చేతికిస్తారు. పీసీఆర్, అంటే డీఎన్‌ఏని ఎక్కువ కాపీలు చేసే పని, రెండుసార్లు రాదు, మూడోసారి వస్తాది, అక్కడ అందరికీ అంతే. ఇంగ్లీషు గురించి భయపడకు, అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమని అడుగు, తలూపేసి తప్పు చేస్తేనే కోప్పడతారు. పలాసలో ఫలక్‌నుమా ఎక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు, హాస్టల్ ఉందా లేదా అని ముందే మెయిల్ పెట్టి అడుగు. స్టైపెండ్ వెళ్ళిన రోజే చేతిలో పెట్టరు, మొదటి నెల ఖర్చు దగ్గర ఉంచుకో, టికెట్లు పారెయ్యకు.

ప్రశ్న: మా అబ్బాయి ఎంబీబీఎస్ రెండో సంవత్సరం, వాడికి కూడా ఇలాంటిదేమన్నా ఉందాండి? - ఒక తండ్రి, విజయనగరం

జవాబు: ఉందండి, కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, ఎంబీబీఎస్, బీడీఎస్ పిల్లలకే, 1979 నుంచీ ఉంది. సొంత కాలేజీలోనే ఒక ప్రొఫెసర్ని గైడ్‌గా పెట్టుకుని రెండు నెలలు చెయ్యాలి, రిపోర్ట్ ఆమోదం అయ్యాకే డబ్బొస్తుంది. ఏజెన్సీ గిరిజనుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు మీద పని చేసే అవకాశం మీ దగ్గరే ఉంది, 2023లో కేంద్రం దాని మీద జాతీయ మిషన్ కూడా మొదలుపెట్టింది. అయితే మనుషుల రక్తం తీసే పనైతే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఆ కమిటీ వారం వారం కూర్చోదు, మీటింగ్ ఎప్పుడో ఈ వారంలోనే ఆఫీసులో కనుక్కోమనండి.