మొదటిసారి ఓటు వేసేవాళ్లకు: అభ్యర్థిలో నేను ఏం చూస్తానంటే

అమెరికా సిటిజన్‌షిప్ వచ్చాక మీరు మొదటిసారి ఓటు వేయబోతున్నారు. అభ్యర్థి అనుభవం చూడాలా, గుణం చూడాలా, జాతుల విషయంలో ఎలా ఆలోచిస్తాడో చూడాలా అని అడిగారు. మేం మేరీల్యాండ్‌లో ఉంటాం. ప్రెసిడెంట్ దగ్గర్నుంచి స్కూల్ బోర్డు దాకా దేన్నీ వదలకుండా ఓటేస్తాను కాబట్టి, నా లెక్క చెప్తాను.

అనుభవానికి నేను వేసే మార్కులు తక్కువే. లింకన్‌కు ముందు ప్రెసిడెంట్‌గా ఉన్న జేమ్స్ బుకానన్ రెజ్యూమే చూస్తే కళ్లు తిరుగుతాయి. ప్రతినిధుల సభ, సెనేట్, రష్యాలోనూ బ్రిటన్‌లోనూ రాయబారి, విదేశాంగ మంత్రి. తీరా ఆయన దిగిపోయేనాటికి ఏడు దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతున్నామని ప్రకటించేశాయి. తర్వాత వచ్చిన లింకన్‌కు వాషింగ్టన్ అనుభవం అంటే ప్రతినిధుల సభలో ఒక్క టర్మ్, అంతే.

గుణం, జాతి దృక్పథం రెండింటినీ నేను విడివిడిగా చూడను. సొంత మనుషుల ముందు, వాళ్లకు నచ్చని మాట చెప్పగలడా? నాకు అదే ముఖ్యం. 2008 అక్టోబర్‌లో మినెసోటాలోని లేక్‌విల్‌లో, అప్పుడు ఒబామా మీద ప్రెసిడెంట్ పదవికి పోటీ చేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ సభలో ఒకావిడ లేచి, ఒబామా అరబ్ అనీ, తనకు నమ్మకం లేదనీ అంది. ఆయన మైకు వెనక్కి తీసుకుని, కాదమ్మా, మర్యాదస్తుడైన కుటుంబీకుడు, మాకు విధానాల్లోనే తేడా అన్నాడు. ఒబామా గురించి భయపడక్కర్లేదన్నందుకు సొంత జనమే ఆయన్ని బూ కొట్టారు. ఆ వీడియో ఇప్పటికీ చూస్తుంటాను. కానీ అందులో ఒక ముల్లు ఉంది. అరబ్ అయితే మాత్రం మర్యాదస్తుడు కాకూడదా? కొన్నాళ్లకే అదే పార్టీకి చెందిన మాజీ విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్ టీవీలో దాదాపు ఈ ప్రశ్నే వేశాడు: ఒబామా ముస్లిం కాదు సరే, ఒకవేళ అయితే ఏంటట? ఆ రోజు నా దృష్టిలో పావెల్ ఓ మెట్టు పైనున్నాడు.

అయితే మనిషి పాత రికార్డు చూసి వెంటనే కొట్టేయకండి. తర్వాత ప్రెసిడెంట్ అయిన లిండన్ జాన్సన్ కాంగ్రెస్‌లో చాలా ఏళ్లు పౌరహక్కుల బిల్లులకు వ్యతిరేకంగా ఓటేశాడు. అదే మనిషి 1964లో పౌరహక్కుల చట్టం మీద, 1965లో ఓటింగ్ హక్కుల చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ ఏడాదే వచ్చిన వలస చట్టం మీదా ఆయనదే సంతకం. అంతకుముందు ఇండియాకు కోటా ఏడాదికి దాదాపు వంద మంది. అంటే మనం ఇక్కడ ఉండి ఈ చర్చ చేసుకోవడం కూడా ఆ సంతకం పుణ్యమే.

ఇక మన సంగతి. ఓసారి ఉగాది ఫంక్షన్‌కి ఒక లోకల్ అభ్యర్థి వచ్చాడు. శాలువా కప్పించుకుని, నమస్తే చెప్పి, "మీరు కష్టపడి చదువుకుని పైకొచ్చారు, కొందరిలా గవర్నమెంటు మీద ఆధారపడరు" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆ "కొందరు" ఎవరో అందరికీ అర్థమైంది. పులిహోర ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడ్డ పెద్దాయన మాత్రం, "మనం లేని చోట మన గురించి ఏమంటాడో మరి" అన్నారు. నా ఓటు అక్కడే పోయింది అతనికి.

"మనమ్మాయి" అని ఓటేయాలా అంటారా? హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మా లెఫ్టినెంట్ గవర్నర్‌గా (రాష్ట్రంలో గవర్నర్ తర్వాతి పదవి) గెలిచినప్పుడు నాకూ సంబరమే, కాదనను. కానీ ఆవిడ అంతకుముందు కౌంటీలో రవాణా ఇంజినీరుగా పనిచేసి, రాష్ట్ర సభలో రెండు టర్మ్‌లు ఉన్నారు. ఊరి పేరు చూసి కాకుండా ఆ పని చూసి కూడా ఓటేయొచ్చు.

మీ ఇంటికి శాంపిల్ బ్యాలెట్ వస్తే పెద్ద పేర్లు పక్కన పెట్టి ముందు స్కూల్ బోర్డు పేర్లు చూడండి. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే మీటింగ్ వీడియోలు దొరుకుతాయి. స్కూల్ బౌండరీలు, అంటే ఏ ఏరియా పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో, మార్చే చర్చ ఉంటే అది తప్పకుండా చూడండి. ఎవరి పిల్లల పక్కన ఎవరి పిల్లలు కూర్చోవాలన్న మాట వచ్చేసరికి, ప్రచారంలో తియ్యగా మాట్లాడినవాళ్ల గొంతు మారిపోతుంది.