టెక్ సందేహాలు: హైబ్రిడ్ కారుకి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి ఈమధ్య వచ్చే ప్రశ్నల్లో ఫోన్లతో పోటీగా కార్లు ఉంటున్నాయి. అందులోనూ హైబ్రిడ్ కార్లు, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో తిరిగే మోటార్ కూడా ఉండేవి. 2022లో హోండా సిటీ ఈ:హెచ్ఈవీ, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా వరసగా వచ్చాక మన ఊళ్లలోనూ ఇవి బాగానే కనబడుతున్నాయి. కొన్నవాళ్లకి టెక్నాలజీ కొత్త, చుట్టూ ఉన్నవాళ్ల సలహాలేమో పాత డీజిల్ బండ్ల నాటివి. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మాది నెల్లూరు మాగుంట లేఅవుట్. స్ట్రాంగ్ హైబ్రిడ్ (కొంత దూరం ఇంజిన్ లేకుండా బ్యాటరీ మీదే నడవగల రకం) కారు కొని పద్నాలుగు నెలలైంది. తిరిగింది 6,200 కిలోమీటర్లే. ఆయిల్ మార్చాలని షోరూం నుంచి ఒకటే ఫోన్లు. సగం దూరం బ్యాటరీ మీదే నడిచింది, పదివేలు కూడా కాలేదు, ఇప్పుడే ఎందుకని మా బావగారు ఆపుతున్నారు. ఎవరి మాట వినాలి?

షోరూం వాళ్ల మాటే వినండి. ఇప్పటికే రెండు నెలలు ఆలస్యమైంది, ఈ వారమే మార్పించేయండి.

మన దేశంలో అమ్ముతున్న హైబ్రిడ్ కార్లలో చాలావాటికి మాన్యువల్లో ఉండే లెక్క 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది. మీ మోడల్‌కి కచ్చితమైన అంకె కావాలంటే కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో మెయింటెనెన్స్ షెడ్యూల్ పేజీ తీయండి, అక్కడ ఏముంటే అదే ఫైనల్. కిలోమీటర్ల అంకె అందరికీ గుర్తుంటుంది. పక్కనే ఉన్న నెలల అంకెని ఎవరూ పట్టించుకోరు. హైబ్రిడ్‌కి అసలు చూడాల్సింది ఆ రెండోదే.

మీ బావగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. హైరైడర్ హైబ్రిడ్ దూరంలో 40 శాతం, సమయంలో 60 శాతం వరకు ఇంజిన్ లేకుండానే నడవగలదని టయోటా కంపెనీ చెబుతుంది. ఆ లెక్కన మీ 6,200లో ఇంజిన్ పనిచేసింది సుమారు 3,700 కిలోమీటర్లకే అనుకుందాం. అయినా ఆయిల్ పాడవడానికి దూరం ఒక్కటే కారణం కాదు. ఆ దూరం ఎలా తిరిగారన్నది అంతకన్నా ముఖ్యం.

మీ రోజువారీ తిరుగుడు ఇలా ఉంటుందని ఊహిస్తున్నాను. ఇంటి దగ్గర బయల్దేరి పిల్లల్ని స్కూల్లో దించుతారు. వీఆర్సీ సెంటర్ దాకా వెళ్తారు, ట్రంక్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆగుతూ ఆగుతూ కదులుతారు, పొగతోటలో డాక్టర్ దగ్గర పని చూసుకుని ఇంటికొస్తారు. ఇందులో ఇంజిన్ ఏకధాటిగా పావుగంట నడిచే సందర్భం దాదాపు ఉండదు. రెండు నిమిషాలు నడుస్తుంది, బ్యాటరీ నిండగానే ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ అందుకుంటుంది.

పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. అందులో కొంచెం, దాంతో పాటు సరిగ్గా మండని పెట్రోలు కొంచెం, పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి కింద ఉన్న ఆయిల్లో కలుస్తాయి. ఇది ఏ పెట్రోల్ ఇంజిన్‌లోనైనా జరిగేదే. హైవే మీద అరగంట పోతే ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీరూ పెట్రోలూ ఆవిరైపోతాయి. ఊళ్లో చిన్న చిన్న ట్రిప్పులే తిరిగే హైబ్రిడ్‌లో ఆయిల్‌కి అంత వేడెక్కే అవకాశం రాదు. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, త్వరగానే వేడెక్కుతుంది కానీ ఆయిల్‌కి అంతకన్నా ఎక్కువ సేపు పడుతుంది. ఆ నీళ్లు అందులోనే నిలిచిపోయి ఆమ్లాలు తయారవుతాయి, ఆయిల్లో కలిపిన రక్షణ రసాయనాలు వాటితో పోరాడుతూ ఖర్చయిపోతాయి. బండి షెడ్డులో ఉన్నా సరే, కలిసిన తేమ దాని పని అది చేస్తూనే ఉంటుంది. కిలోమీటర్లతో పాటు ఏడాది గడువు పెట్టింది ఇందుకే.

ఇంకో సంగతి మన ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. మే నెలలో హాస్పిటల్ బయట బండి ఆపి, ఏసీ వేసుకుని లోపలే కూర్చుంటాం. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది. బ్యాటరీ తగ్గగానే ఇంజిన్ తనంతట తనే ఆన్ అయి చార్జ్ చేస్తుంది. గంటసేపట్లో ఇలా చాలాసార్లు జరగొచ్చు, ఒడోమీటర్ మీద మాత్రం ఒక్క కిలోమీటరు కూడా పెరగదు.

ఇదంతా చదివి హైబ్రిడ్ ఇంజిన్ త్వరగా పాడైపోతుందని టెన్షన్ పడొద్దు. మామూలు కారులో స్టార్టర్ మోటార్ ఇంజిన్‌ని నెమ్మదిగా తిప్పి అంటిస్తుంది. హైబ్రిడ్‌లో శక్తిమంతమైన మోటార్ ముందు దాన్ని తగినంత వేగానికి తిప్పి, ఆ తర్వాతే పెట్రోలు అందిస్తుంది. కాబట్టి అన్నిసార్లు ఆగి మొదలైనా అరుగుదల మనం భయపడేంత ఉండదు. ఇంజనీర్లు ఇవన్నీ చూసుకునే ఆ 10,000, ఆ ఏడాది నిర్ణయించారు. మనం చేయాల్సింది ఆ గడువు దాటకుండా ఉండటం.

మీ బండిని ఒకసారి మీరే చూసుకోండి, పెద్ద పనేం కాదు. సమతలంగా ఉన్నచోట ఆపి, పవర్ బటన్ నొక్కి పూర్తిగా ఆఫ్ చేయండి. డాష్‌బోర్డు మీద ‘రెడీ’ అనే లైట్ ఆరిపోయిందో లేదో తప్పనిసరిగా చూడండి. ఆ లైట్ వెలుగుతుంటే ఇంజిన్ చప్పుడు లేకపోయినా కారు ఆన్‌లో ఉన్నట్టే, బానెట్ ఎత్తాక ఎప్పుడైనా స్టార్ట్ కావచ్చు, చేతులు జాగ్రత్త. ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) బయటకి తీయండి, గుడ్డతో తుడిచి మళ్లీ దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. మీరు పోయకుండానే పై గుర్తు దాటి ఉందంటే, వాసన చూస్తే పెట్రోలు ఘాటు కొడుతోందంటే, పెట్రోలు కలుస్తోందని అర్థం. తర్వాత ఆయిల్ పోసే మూత తిప్పి దాని అడుగు భాగం చూడండి. పాలు ఎక్కువైన కాఫీ రంగులో జిగురు పట్టి ఉంటే అది తేమ. కొంచెమైతే ఒక లాంగ్ డ్రైవ్‌తో పోతుంది. తుడిచినా మళ్లీ మళ్లీ వస్తుంటే, లేదా డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉంటే మెకానిక్‌కి చూపించాలి. కూలెంట్ లీకయినా ఇలాగే కనిపిస్తుంది.

ఆయిల్ నల్లబడిందని మాత్రం ఏమీ తేల్చకండి. మసిని తనలో పట్టి ఉంచడం ఆయిల్ పనుల్లో ఒకటి, రంగు మారడం సహజం.

ఆదివారాలు వీలున్నప్పుడు హైవే ఎక్కి కావలి దాకా వెళ్లి రండి. ఇంజిన్‌కీ మంచిది, ఇంట్లోవాళ్లకీ సరదా. అది కుదరక ఏడాదంతా ఊళ్లో చిన్న ట్రిప్పులే అయితే మాన్యువల్లో ‘సివియర్ కండిషన్స్’ పేరుతో ఉండే రెండో పట్టిక చూడండి. చిన్న ప్రయాణాలు, బండి ఆగి ఉన్నా ఎక్కువసేపు నడిచే ఇంజిన్, దుమ్ము రోడ్లు ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. చాలా మాన్యువళ్లలో అక్కడ గడువు సగానికి తగ్గుతుంది, అంటే 5,000 కిలోమీటర్లు లేదా ఆరు నెలలు.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. హైబ్రిడ్ కారులో ఆయిల్ పోసే మూతమీద 0డబ్ల్యూ-16 అని ఉంది. మాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన మెకానిక్ ‘ఇది నీళ్లలా ఉంది సార్, మన ఎండలకి ఆగదు, 20డబ్ల్యూ-40 పోద్దాం’ అంటున్నాడు. పోయించొచ్చా?

వద్దు. ఆయన మీ మంచి కోరే చెప్పి ఉంటారు. పాత ఇంజిన్లకి ఆ సలహా సరిపోయేది కూడా. మీ ఇంజిన్‌కి సరిపోదు.

ఆ అంకెల సంగతి చూద్దాం. డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. తర్వాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. రోహిణి కార్తెలో ఒంగోలులో 43 డిగ్రీలున్నా, డిసెంబర్లో 20 ఉన్నా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ ఉంది కాబట్టి నడుస్తున్న ఇంజిన్ లోపలి వేడి దాదాపు ఒకేలా ఉంటుంది. బయటి ఎండ చూసి ఆయిల్ చిక్కదనం ఎంచుకునే అవసరం ఈ ఇంజిన్లకి లేదు.

హైబ్రిడ్‌లో పలచటి ఆయిల్ ఎంచుకోవడానికి గట్టి కారణమే ఉంది. ఇంజిన్ మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, ఆయిల్ చాలాసార్లు పూర్తిగా వేడెక్కదు. అలాంటప్పుడు కూడా బేరింగుల్లోకి, వాల్వుల దాకా వెంటనే చేరాలంటే పలచగా ఉండాలి. చిక్కటి ఆయిల్ పోస్తే చేరడం ఆలస్యమవుతుంది, మైలేజీ తగ్గుతుంది. హైబ్రిడ్ కొన్నదే మైలేజీ కోసం కదా.

0డబ్ల్యూ-16 మన ఊరి మెకానిక్‌కి కొత్తగా అనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆయిల్ గ్రేడులు నిర్ణయించే ఎస్ఏఈ సంస్థ ప్రమాణాల్లో ఈ 16 గ్రేడు చేరిందే 2013లో. కొనేటప్పుడు డబ్బా మీద నాణ్యత గుర్తుగా ఏపీఐ ఎస్పీ అని గానీ, ఐఎల్‌సాక్ జీఎఫ్-6బీ అని గానీ, వాటి తర్వాత వచ్చిన ప్రమాణం గానీ ఉందో లేదో చూడండి. ఈ 6బీ ప్రత్యేకంగా 0డబ్ల్యూ-16 ఆయిళ్ల కోసం పెట్టిన ప్రమాణం. మీ ఊరి షాపులో ఆ గ్రేడు దొరక్కపోతే వేరే గ్రేడు వాడొచ్చా అన్నది కూడా మాన్యువల్లోనే చూడాలి. కొన్ని మాన్యువళ్లు తాత్కాలికంగా 0డబ్ల్యూ-20 పోసి తర్వాతి సర్వీసుకి మళ్లీ 16కి మారమంటాయి. 20డబ్ల్యూ-40కి మాత్రం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోకండి.

మీ మెకానిక్‌ని మార్చుకోమని నేను చెప్పడం లేదు. సరైన ఆయిల్, కంపెనీ ఫిల్టర్ మీరే కొనిచ్చి ఆయన చేతే మార్పించండి. డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా కొత్తది వేయించండి. వారంటీ ఉన్నంతకాలం బిల్లులు దాచుకోండి, తేదీ, ఒడోమీటర్ అంకె వాటి మీద రాయించండి. రేపు ఇంజిన్‌లో ఏదైనా వస్తే ముందు అడిగేది ఆ కాగితాలే.

ప్రశ్న: చీమకుర్తి క్వారీల దగ్గర ఉద్యోగం. కారులో మెయింటెనెన్స్ రిమైండర్ ఇంకా 4,000 కిలోమీటర్లు ఉందని చూపిస్తోంది. అది చెప్పేదాకా ఆగొచ్చా? ఆయిల్ కాకుండా ఇంకేమైనా చూసుకోవాలా?

ఆగొద్దు. చాలా కార్లలో ఆ రిమైండర్ ఆయిల్‌ని పరీక్షించి చెప్పేది కాదు. పోయినసారి రీసెట్ చేసిన దగ్గర్నుంచి కిలోమీటర్లు, రోజులు లెక్కపెడుతుంది, అంతే. రీసెట్ చేయడం మర్చిపోతే ఆ లెక్కా తప్పే. గ్రానైట్ దుమ్ములో తిరుగుతున్నారని దానికి తెలిసే దారి లేదు. మీరు సగం గడువు పట్టికలోకి వస్తారు. ఎయిర్ ఫిల్టర్ కూడా ప్రతి సర్వీసుకీ తీయించి కళ్లారా చూడండి. దుమ్ము దాన్ని దాటి లోపలికి పోతే ఎంత కొత్త ఆయిల్ పోసినా ఇంజిన్ అరుగుతుంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది, చాలామందికి అది కారులో ఉన్నట్టే తెలియదు. హైబ్రిడ్ బ్యాటరీని చల్లబరచడానికి క్యాబిన్‌లోని గాలినే లాక్కునే జాలీ ఒకటి ఉంటుంది. మోడల్‌ని బట్టి వెనక సీటు కిందో పక్కనో కనిపిస్తుంది. దాని వెనక చిన్న ఫిల్టర్ ఉంటుంది. దుమ్ము పట్టినా, సీటు మీద పడేసిన తువ్వాలో సంచో అడ్డుపడినా బ్యాటరీ వేడెక్కుతుంది, అప్పుడు సిస్టం దాని వాడకం తగ్గించి ఇంజిన్‌నే ఎక్కువ నడుపుతుంది. మైలేజీ కారణం లేకుండా పడిపోయిందని ఫిర్యాదు చేసేవాళ్లు ముందు ఈ జాలీ చూసుకోవాలి. సర్వీసుకి ఇచ్చినప్పుడు ‘హైబ్రిడ్ బ్యాటరీ ఫిల్టర్ క్లీనింగ్’ అని జాబ్ కార్డు మీద రాయించండి. రాయించకపోతే చేశారో లేదో మీకు తెలియదు. మారుతి, టయోటా హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. అంత ఖరీదైన భాగానికి రక్షణ ఆ చిన్న జాలీయే.

బ్యాటరీ కరెంటుని మోటార్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌కి వేరే కూలెంట్ ఉంటుంది, దాని ట్యాంకు కూడా వేరు. ఇంజిన్ కూలెంట్ చూసినవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు, లెవెల్ రెండింటికీ చూడమనండి.

ప్రశ్న: కావలిలో ఉంటాం. మాది ఎర్టిగా స్మార్ట్ హైబ్రిడ్. ఇవన్నీ మాకూ వర్తిస్తాయా?

చాలావరకు వర్తించవు. మీది మైల్డ్ హైబ్రిడ్. కారు మోటార్ మీద ఒంటరిగా నడవదు. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపి మళ్లీ అంటిస్తుంది, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త సాయం చేస్తుంది. మీ ఒడోమీటర్ చూపే దూరమంతా ఇంజిన్ నడిచిన దూరమే. మామూలు పెట్రోల్ కారు లెక్కే పాటించండి, ఏడాది గడువు మాత్రం మీకూ ఉంది.

ప్రశ్న: పోయిన వానాకాలం నెల్లూరులో రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నీళ్లలో హైబ్రిడ్ కారు ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఆయిల్ మారిస్తే సరిపోతుందా?

ఆయిల్ సంగతి తర్వాత, ముందు పవర్ బటన్ మళ్లీ నొక్కొద్దు. గాలి వచ్చే దారిలోంచి సిలిండర్లలోకి నీళ్లు పోయి ఉంటే ఒక్కసారి తిప్పడానికి ప్రయత్నించినా కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. హైబ్రిడ్‌లో మోటార్ బలం ఎక్కువ కాబట్టి నష్టమూ ఎక్కువే. బానెట్ కింద నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజీవి, వాటి జోలికి పోకండి. అందరూ దిగి బయటికి వచ్చేయండి. తాడు కట్టి లాగించొద్దు. ముందు చక్రాలు నేల మీద తిరుగుతుంటే వాటికి కలిసి ఉన్న మోటార్ కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ లారీ పిలిపించి మొత్తం బండిని పైకెక్కించి తీసుకెళ్లాలి. షోరూంలో స్పార్క్ ప్లగ్గులు తీసి చూశాక, ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చేయమనండి. తర్వాత కొద్ది దూరం నడిపి ఆయిల్ రంగు మళ్లీ చూడండి. పాలరంగు కనబడితే ఇంకోసారి మార్చాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ లేకపోతే నీళ్ల వల్ల ఇంజిన్‌కి జరిగిన నష్టానికి సాధారణంగా క్లెయిమ్ రాదు, రెన్యువల్ అప్పుడు అది ఉందో లేదో చూసుకోండి.