ఓపెన్ పది చెల్లుతుందా? చెల్లుతుంది, లెక్కలు వదిలేయకపోతే

"మా తమ్ముడు తొమ్మిదో తరగతితో బడి మానేసి ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాడు. వయసు ముప్పై దాటింది. ఇప్పుడు ఓపెన్ స్కూల్లో పది పాసైతే ఆ సర్టిఫికెట్‌ను ఎవరైనా గుర్తిస్తారా?" అని ఒక అక్క అడిగారు. నేను ఇళ్లకు వైరింగ్ చేసే పనివాడిని. నేనూ తొమ్మిదితోనే ఆపేశాను. పెళ్లయి పిల్లలు పుట్టాక ఓపెన్‌లో పది రాసి, ఆ తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు పూర్తిచేశాను. ఈ ప్రశ్నకు నాకన్నా తగినవాడు దొరకడం కష్టమే.

గుర్తిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ పెట్టారు, ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ విడివిడిగా ఉన్నాయి. దేశమంతటికీ ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ ఉంది. వీటిలో పాసైన పదికీ, మామూలు బడి పదికీ తేడా లేదు. ఓపెన్ స్కూల్లో చదివినవారు నీట్ రాయకూడదన్న నిబంధనను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. డాక్టరు చదువుకే అడ్డు లేనప్పుడు ఏసీ బాగుచేసేవాడికి ఎందుకుంటుంది? "ఓపెనా?" అని పెదవి విరిచేవారు మాత్రం ఎప్పుడూ ఉంటారు. అలా విరిచిన ఒక పెద్దమనిషి ఇంట్లోనే ఫ్యూజు పోతే నాకు ఫోను చేస్తాడు.

మీరు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఏ సబ్జెక్టులతో పాసవ్వాలి? ఓపెన్‌లో ఐదు సబ్జెక్టులు పాసైతే చాలు. ఒకటో రెండో భాషలు, మిగతావి మన ఇష్టం. లెక్కలూ సైన్సూ వద్దనుకుంటే హోం సైన్స్, సైకాలజీ, ఎకనామిక్స్ లాంటివి పెట్టుకోవచ్చు. ఎలా పెట్టుకున్నా మెమో మీద పాస్ అనే పడుతుంది. అసలు తేడా ఐటీఐ గుమ్మం దగ్గర తెలుస్తుంది. ఎలక్ట్రీషియన్ ట్రేడుకైనా, ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ ట్రేడుకైనా లెక్కలు, సైన్సు ఉన్న పదే కావాలి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకూ పదిలో లెక్కలు ఉండాల్సిందే.

నాతో పాటు ఒకే మేస్త్రి దగ్గర పనిచేసిన కుర్రాడొకడు ఇక్కడే దెబ్బతిన్నాడు. మా ఊరి బస్టాండు పక్కన ఒక ఏజెంటు ఉండేవాడు. "క్లాసులకు రానక్కర్లేదు, పాస్ గ్యారంటీ" అని బోర్డు. ఫీజు మీద రెండింతలు పుచ్చుకుని, ఫారంలో సబ్జెక్టులు కూడా తనే నింపేవాడు. సులువైనవే నింపేవాడు, లేకపోతే గ్యారంటీ ఎలా నిలబడుతుంది? మావాడు నాకన్నా ముందే పాసయ్యాడు, అందరికీ మిఠాయి పంచాడు. ఐటీఐ కౌన్సెలింగ్‌లో మెమో చూసిన ఉద్యోగి ఒకసారి పైనుంచి కిందికి వేలు పెట్టి చదివి, "నాన్నా, ఇందులో లెక్కలు లేవు" అని తిరిగి చేతిలో పెట్టాడు. ఈ ఏజెంట్ల మీద ఎవరూ కేసు పెట్టరు. పాస్ చేయిస్తానన్నాడు, చేయించాడు, ఇక కేసు ఎక్కడిది?

నేను ఏజెంటు దగ్గరికి పోలేదు. దానికి కారణం తెలివి కాదు, అతను అడిగినంత డబ్బు నా దగ్గర లేకపోవడం. అందుకని స్టడీ సెంటరు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకు ఆదివారం క్లాసులకు వెళ్లేవాడిని. పిల్లల బల్లలు కదా, మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి కూర్చోవాలి. బోర్డు మీద సగం దాకా శనివారం పాఠం అలాగే ఉండేది, మూల "8బి, చెరపవద్దు" అని రాసి. లెక్కల మాస్టారు ఆ గీత దాటకుండా మిగిలిన సగంలోనే మాకు చెప్పేవారు. పేర్లిచ్చినవారు తరగతి నిండా ఉన్నా, వచ్చేది నేనూ, ఒక ఆర్టీసీ గ్యారేజీ హెల్పరూ, బిడ్డను చంకనెత్తుకుని ఒక అంగన్‌వాడీ ఆయా.

ఒక ఆదివారం త్రికోణమితి. గోడకు నిచ్చెన ఆనించారు, నేలతో ముప్పై డిగ్రీల కోణం చేస్తోంది, నిచ్చెన పొడవు ఇంత, గోడ ఎత్తు ఎంత? నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "సార్, ముప్పై డిగ్రీల్లో నిచ్చెన వేస్తే రెండో మెట్టు ఎక్కేలోపే కాళ్లు జారి కింద పడతాం" అన్నాను. గ్యారేజీ హెల్పరు పకపకా నవ్వాడు. మాస్టారు నవ్వలేదు. సుద్దముక్క బల్లమీద పెట్టి, "మీరెలా వేస్తారు?" అని అడిగారు. నాలుగడుగుల ఎత్తుకు అడుగు దూరం జరిపి వేస్తాం అన్నాను. మా మేస్త్రి నేర్పిన కొలత అది, ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. మాస్టారు నిచ్చెన గీసి, గోడ పక్కన నాలుగు, నేల మీద ఒకటి వేశారు. "అయితే టాన్ విలువ నాలుగు" అని ఫోను తీసి క్యాలిక్యులేటర్లో కొట్టారు. దాదాపు 76 డిగ్రీలు. "మీ మేస్త్రికి త్రికోణమితి వచ్చు, పేరు తెలియదంతే" అన్నారు. ఆయా అదంతా నోట్సులో రాసుకుంది, పరీక్షలో వస్తుందేమోనని. రాలేదు. వచ్చింది ముప్పై డిగ్రీల నిచ్చెనే. ఆ పాఠ్యపుస్తకం రాసినవారు జీవితంలో నిచ్చెన ఎక్కి ఉండరు.

ఇంత జరిగినా లెక్కలు నాకు ఒక పట్టాన లొంగలేదు. మిగతా నాలుగూ ముందే వచ్చేశాయి. ఓపెన్‌లో మంచి సంగతి ఇదే, పాసైన సబ్జెక్టు మార్కులు మన ఖాతాలోనే పడి ఉంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఐదు పరీక్షలూ ఒకేసారి రాయాలన్న నియమం లేదు. ఒక విడతలో తెలుగూ సోషలూ, తర్వాతి విడతలో సైన్సు, అలా తీరిగ్గా కానివ్వవచ్చు. సంపాదించుకునే మనిషికి ఇంతకన్నా సౌకర్యం ఏం కావాలి? మామూలు పది తప్పినవారైతే, అప్పుడు పాసైన రెండు సబ్జెక్టుల మార్కులను ఇక్కడికి తెచ్చుకోవచ్చు. అలాంటివారు పాత మెమోను పొయ్యిలో పెట్టకుండా, ఎంత పాతది చెల్లుతుందో ప్రాస్పెక్టస్‌లో ఆ పేజీ చూసుకుని మరీ చేరాలి. మీ తమ్ముడు తొమ్మిదితో ఆపాడు కాబట్టి అతనికి ఆ గొడవ లేదు.

ఇంకో మాట. పాత నైపుణ్యానికి గుర్తింపు ఇస్తామంటూ ఊళ్లలో శిబిరాలు పెడుతుంటారు. నేనూ వెళ్లాను. కొన్ని గంటలు కూర్చోబెట్టి, టీషర్టు తొడిగి, ఫొటో తీసి, సర్టిఫికెట్ ఇచ్చారు. టీషర్టు రెండేళ్లు వచ్చింది. సర్టిఫికెట్‌ను ఏ కాంట్రాక్టరూ తిరగేసి కూడా చూడలేదు. విద్యుత్ సంస్థల జూనియర్ లైన్‌మన్ నోటిఫికేషన్లలో అడిగేది పదితో పాటు ఐటీఐ. కాబట్టి ఎవరు ఏ కాగితం ఇస్తామన్నా, అది చూపిస్తే ఏ తలుపు తెరుచుకుంటుందో ముందే అడగాలి. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు వేటు వేసింది. డిగ్రీకే ఆ గతి పట్టినప్పుడు టీషర్టుతో వచ్చే కాగితం సంగతి చెప్పనక్కర్లేదు.

వయసు గురించి బెంగ వద్దు. ఐటీఐలో చేరడానికి పై వయసు పరిమితి లేదు. నా బ్యాచిలో నన్ను మొదటి రోజు సార్ అనుకుని లేచి నిలబడ్డారు. కష్టమల్లా పగటి పూట క్లాసులతోనే. రెండేళ్లపాటు పగలంతా అక్కడ ఉంటే ఇల్లు గడిచేదెలా? నేను సాయంత్రం పనులు, ఆదివారం పనులు పట్టుకుని నెట్టుకొచ్చాను, మా ఆవిడ మిషను కుట్టింది. ఊరూరా సాయంత్రం ఐటీఐలు పెడితే సగం మంది మేస్త్రీలు వచ్చి చేరతారని నేను రాసిస్తాను. ఎవరు వింటారు?

మీ తమ్ముణ్ణి ఫారంలో లెక్కలు, సైన్సు, తెలుగు, ఇంగ్లిష్, సోషల్ తన చేత్తో రాసుకోమనండి. అడ్మిషన్లు తెరిచేలోగా ఆరో తరగతి లెక్కల పుస్తకం ముందు వేసుకుని భిన్నాల నుంచి మొదలుపెట్టమనండి. బీజగణితం జోలికి అప్పుడే వెళ్లవద్దు. లెక్కల్లో తప్పే పెద్దవాళ్లలో నూటికి తొంభైమంది భిన్నాల దగ్గరే తప్పుతారు. ఇది నా లెక్క, ఏ పుస్తకంలోనూ ఉండదు.