ఒక్క దుభాషితో రెండు రోజులు నెట్టుకురావచ్చా?

ప్రశ్న: మా కంపెనీ సబ్‌స్టేషన్ పరికరాలు తయారుచేస్తుంది. టూరిన్‌లో మా ఇటాలియన్ ఇంజినీర్లకూ ఫ్రెంచ్ కస్టమర్లకూ రెండు రోజుల మీటింగ్, రెండో రోజు సబ్‌స్టేషన్ చూడటం కూడా ఉంది. ఎనర్జీ రంగం తెలిసిన ఇటాలియన్–ఫ్రెంచ్ దుభాషులు ఎక్కడ దొరుకుతారు? ఒక్కరు సరిపోతారా?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు రెండో ప్రశ్న సంగతి చూద్దాం, ఎందుకంటే ఖర్చు తగ్గించాలనుకుంటే అందరి కన్నూ మొదట పడేది అక్కడే. సరిపోరు. ఒకపక్క ఇంజినీరు మాట్లాడుతుంటే మరోపక్క చెవిలో ఫ్రెంచ్ వినపడాలంటే బూత్‌లో, అంటే దుభాషులు కూర్చునే చిన్న సౌండ్‌ప్రూఫ్ గదిలో, ఇద్దరుండాలి, సుమారు అరగంటకోసారి మైకు మార్చుకుంటారు. ఆ రెండో మనిషి ఖాళీగా కూర్చోరు. మెగావాట్లు, కిలోవోల్టులు, గడువు తేదీలు చెవిన పడగానే కాగితం మీద రాసి పక్కవాళ్ల ముందుకు జరుపుతారు. మీ మీటింగులో ఒక్క అంకె తప్పు పోయినా కాంట్రాక్టు దాకా వస్తుంది.

ఇక వెతకడం. జెనీవాలో ఉన్న అంతర్జాతీయ కాన్ఫరెన్స్ దుభాషుల సంఘం, ఏఐఐసీ, 1953 నుంచి ఉంది. దాని డైరెక్టరీలో భాషను బట్టి, ఉండే ఊరిని బట్టి వెతకొచ్చు. ఇటలీలో అసోఇంటర్‌ప్రెటి, ఏఐటీఐ, ఫ్రాన్స్‌లో ఎస్‌ఎఫ్‌టీ అనే సంఘాల సభ్యుల జాబితాలూ చూడండి. పేరు పక్కన ఏ, బీ, సీ అని ఉంటాయి: ఏ అంటే మాతృభాష, బీ అంటే ధారాళంగా మాట్లాడగల భాష, సీ అంటే విని అర్థం చేసుకునేది మాత్రమే. ఫ్రెంచ్‌వాళ్లు ఊరికే విని వెళ్లిపోరు, ఎదురు ప్రశ్నలు వేస్తారు కదా, కాబట్టి ఫ్రెంచ్ ఏ ఉన్నవాళ్లొకరు, ఇటాలియన్ ఏ ఉన్నవాళ్లొకరు, ఇద్దరికీ రెండో భాష బీగా ఉండేలా జోడీ కట్టండి.

“ఎనర్జీలో అనుభవం ఉంది” అనగానే సరే అనేయకండి, ఏ ఎనర్జీ అని అడగండి. ఇటలీ 1987 రెఫరెండం తర్వాత అణు విద్యుత్ కేంద్రాలు మూసేసింది, ఫ్రాన్స్‌లో కరెంటులో సింహభాగం వాటి నుంచే వస్తుంది. అణు విద్యుత్ సమావేశాల్లో ఆరితేరినవాళ్లకు మీ ట్రాన్స్‌ఫార్మర్లు, బ్రేకర్లు కొత్త కావచ్చు. గ్రిడ్ పని చేసినవాళ్లు కావాలని సూటిగా రాయండి. ఈ రెండు దేశాలనూ కలిపే సవోయ్–పియెమోంటె కరెంటు లైను ఒక కొస టూరిన్ దగ్గరి పియొసాస్కోలోనే ఉంది, అందుకని ముందు టూరిన్‌లో ఉండేవాళ్లనే అడిగి చూడండి, ప్రయాణం, హోటల్ ఖర్చులూ తప్పుతాయి.

సబ్‌స్టేషన్‌లో చెవిలో గుసగుసగా చెప్తే వినపడదు. చేతిలో పట్టుకునే మైకు, అందరికీ ఇయర్‌ఫోన్లు ఉన్న పోర్టబుల్ సెట్ అద్దెకు తీసుకోండి. హెల్మెట్ కింద ఆ ఇయర్‌ఫోన్ పడుతుందో లేదో ముందే పెట్టి చూడండి.

స్లైడ్లు, సింగిల్ లైన్ డయాగ్రమ్ (సబ్‌స్టేషన్ కనెక్షన్లను గీతలతో చూపే బొమ్మ), మీలో మీరు వాడుకునే పొట్టి పేర్ల జాబితా కనీసం వారం ముందే వాళ్లకు పంపాలి. కంపెనీ రహస్యాలని టెన్షన్ పడి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఏఐఐసీ సభ్యులకు గోప్యత పాటించడం నియమం, అయినా అనుమానముంటే ఒప్పందం మీద సంతకం తీసుకుని మరీ పంపండి.