నొప్పి దాచుకున్నారు, మాత్ర మానేశారు

దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్‌కు మీరు నాలుగేళ్లుగా రోజూ ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారని, కొన్ని నెలలుగా రాత్రిపూట మోకాళ్ల కింది ఎముకలు సలుపుతుంటే ఇంట్లోవారికి తెలియకుండా వంటగదిలోకి వెళ్లి చీకట్లో కాళ్లు నొక్కుకుంటున్నారని మీ ఉత్తరంలో రాశారు. జబ్బు తిరగబెట్టిందేమోనన్న భయంతో డాక్టరుకు కూడా చెప్పలేదట. నొప్పి తగ్గుతుందేమోనని ఐదు రోజులు మాత్ర మానేసిన సంగతిని మాత్రం ఉత్తరం చివర ఒక్క ముక్కలో తేల్చేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

జబ్బును అదుపులో ఉంచుతున్నది ఆ మాత్రే. దానిని మీ అంతట మీరు ఆపకూడదు. రేపే డాక్టరుకు ఫోన్ చేసి మానిన సంగతి చెప్పండి, మానిన మాత్రలకు బదులుగా రెండేసి వేసుకోకండి. ఇమాటినిబ్ వాడేవారిలో కండరాలు పట్టేయడం, ఎముకలు, కీళ్లు నొప్పి పెట్టడం తరచుగా కనిపించేవే. పైగా మందు ఆపినప్పుడు కూడా కొందరికి ఇటువంటి నొప్పులే కొత్తగా మొదలవుతాయి కనుక, మానేసి చూడడం వల్ల మీకు తేలేదేమీ లేదు. జబ్బు అదుపు తప్పిందా లేదా అన్నది తేల్చవలసింది, ఈ జబ్బుకు మూలమైన జన్యువును రక్తంలో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష.

నొప్పికి కారణం వెతకడం వేరే పని. ఈ మందుతో రక్తంలో ఫాస్ఫేట్ తగ్గవచ్చు, ఎముక అరిగి తిరిగి కట్టుకునే క్రమమూ మారవచ్చు. మీ యాభై మూడేళ్ల వయసులో విటమిన్ డి లోపం, నెలసరి ఆగాక ఎముక పలచబడడం దానికి తోడై ఉండవచ్చు. ఆ రక్తపరీక్షల గురించి, ఎముకల సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ గురించి అడగండి. ఐబుప్రొఫెన్ వంటి నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోవద్దు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే అవి రక్తస్రావానికి దారితీస్తాయి. నడుంనొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా, జ్వరం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక మీ వారి సంగతి. జబ్బు బయటపడిన నాటి నుంచీ, మీరు మెట్లెక్కబోతే చేయి పట్టుకుని వెనక్కి తెచ్చి కూర్చోబెడతారని రాశారు. అది ప్రేమే, కాదనను. కానీ ఎప్పుడూ కూర్చునే ఉంటే ఎముకా కండరమూ రెండూ బలహీనపడతాయి. మీరు చెబితే వినని మనిషి డాక్టరు చెబితే వినవచ్చు కనుక, ఈసారి ఆయనను వెంటబెట్టుకుని వెళ్లి, మీరెంత దూరం నడవవచ్చో ఆయన ఎదుటే అడగండి. ఈలోగా రాత్రి నొప్పి వస్తే వంటగదిలోకి వెళ్లకండి. ఆయనను లేపి, ఏ కాలో, ఎన్ని గంటలకో, ఎంతసేపో ఆయన చేతనే ఒక కాగితం మీద రాయించండి.